పేరు తెగిన ఖడ్గం: జపాన్ కత్తుల గాథల మీద జానపద నవలకు ఒక ఆలోచన

వెన్నెలకోన:
సభ్యులందరికీ నమస్కారం. రెండేళ్లుగా నా నోట్సు పుస్తకంలో పెరుగుతున్న ఒక నవల ఆలోచనను మీ ముందు పెడుతున్నాను. జపాన్‌లో ఇసే ప్రాంతంలోని కువన అనే ఊళ్లో, పదహారో శతాబ్దంలో, సెంగో మురమస అనే కత్తుల కమ్మరి ఉండేవాడు. ఆయన చేసిన కత్తిని ఒకసారి ఒరలోంచి తీస్తే రక్తం కళ్లజూడనిదే తిరిగి ఒరలోకి పోదని, తరువాత జపాన్‌ను ఏలిన తొకుగవ వంశం మీద ఆ కత్తులు పగబట్టాయని ఎన్నో కథలు పుట్టాయి. ఆయనకు ఎదురుగా నిలబెట్టే పేరు మసమునె. ఇద్దరి కత్తులనూ ఒక వాగులో నిలువుగా పాతితే, కొట్టుకొచ్చిన ప్రతి ఆకునూ మురమస కత్తి రెండుగా చీల్చిందట. మసమునె కత్తి దగ్గరికి వచ్చిన ఆకులు మాత్రం దాన్ని తాకకుండా పక్కకు తప్పుకొని పోయాయట. నా నవలలో ఈ రెండు కత్తులూ ఇద్దరు అన్నదమ్ములకు దక్కుతాయి. శాపం ఉన్న కత్తి పట్టిన తమ్ముడు క్రమంగా దానికి వశమై, చివరికి అన్న మీదికే ఎత్తుతాడు. నలభై అధ్యాయాలకు ప్రణాళిక ఉంది, కానీ రాయడానికి కూర్చుంటే పది పేజీలు దాటడం లేదు. లోపం ఎక్కడుందో మొహమాటం లేకుండా చెప్పండి.

రాతప్రతి:
వెన్నెలకోన గారూ, వాగు కథ చాలా అందమైనదే, కానీ అందులో కాలం కుదరదు. మసమునె కమకుర కాలం చివరివాడు, అంటే పదమూడో శతాబ్దం చివర, పద్నాలుగో శతాబ్దం తొలినాళ్లలో సగామి ప్రాంతంలో పనిచేసినవాడు. మురమసకూ ఆయనకూ మధ్య దాదాపు రెండు వందల ఏళ్ల దూరం ఉంది. కథకు అది అడ్డు కాదు. ఎవరో ఎందుకో ఆ ఇద్దరినీ ఒకే వాగు దగ్గరికి తెచ్చారన్నది మాత్రం మీరు ఆలోచించవలసిన సంగతి.

శాపం విషయంలో నా అభ్యంతరం ఇంకా పెద్దది. తొకుగవ పాలనకు పునాది వేసిన ఇయెయసు తాత కియొయసును 1535లో ఆయన సేవకుడే మురమస కత్తితో చంపాడని అంటారు. తండ్రి హిరొతద మీద జరిగిన దాడిలో ఉన్నదీ అదేనంటారు. 1579లో కొడుకు నొబుయసు కడుపు కోసుకొని ఆత్మార్పణ చేసుకోవలసి వచ్చినప్పుడు, ఆ వెంటనే తల తీయడానికి వాడిన కత్తి కూడా మురమసదేనని చెబుతారు. మూడు తరాల రక్తం ఒకే కమ్మరి పేరు మీద పడింది కదా అనిపిస్తుంది. అయితే తొకుగవ వారి సొంత నేల మికవ, కువనకు దగ్గరలోనే ఉంది. ఆ చుట్టుపక్కల సైనికుల్లో చాలామంది నడుముకు మురమస కత్తే ఉండేది. ఊళ్లో అందరూ ఒకే కొట్లో కొడవళ్లు కొనుక్కుంటే, ఆ ఊళ్లో ఏ తగాదా జరిగినా చేతిలో కనిపించేది ఆ కొట్టు కొడవలే. మీ పది పేజీలు ముందుకు సాగకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం. శాపాన్ని మీరు ముందే నిజమని ఒప్పేసుకున్నారు, ఇక పాత్రలు కనిపెట్టడానికి ఏమీ మిగల్లేదు.

గోదారిగట్టు:
రాతప్రతి గారి లెక్క సరైనదే కావచ్చు. కానీ జానపద నవల చదివేవాడు మాయ కోసం వస్తాడు, భూగోళ పాఠం కోసం రాడు. శాపం అంతా పుకారేనని తేల్చేస్తే చివరి పేజీ మూసేటప్పుడు పాఠకుడి చేతిలో ఏం మిగులుతుంది? మాయను తీసేయకండి, ఉన్న చోటు మార్చండి. ఒనిమరు అనే కత్తి కథే చూడండి. హోజో వంశపు పెద్దను ప్రతి రాత్రీ కలలో ఒక చిన్న పిశాచం పీడిస్తుంటే, ఒకనాడు ఆ కత్తే ముసలివాడి రూపంలో కలలోకి వచ్చి, అపవిత్రమైన చేయి తగిలి తుప్పు పట్టానని, తనను శుభ్రం చేయిస్తే ఆ పీడ వదిలిస్తానని చెప్పింది. శుభ్రం చేయించి గదిలో ఆనించి పెడితే, అది దానంతట అదే జారి పడి, పక్కనున్న కుంపటి కాలిని తెగ్గొట్టింది. చూస్తే ఆ కాలు పిశాచం ఆకారంలో చెక్కి ఉంది. ఆ రాత్రితో కలలు ఆగిపోయాయి. ఎంత చిన్న మాయో గమనించండి! ఎవరూ కత్తి దూయలేదు, ఎవరి రక్తమూ కారలేదు, ఒక కుంపటి కాలు తెగిందంతే. ఆ కత్తి ఇప్పటికీ జపాన్ చక్రవర్తి కుటుంబ సంపదలో ఉంది.

తెల్లకొంగ:
నేను నాలుగేళ్లుగా ఉద్యోగరీత్యా నగోయాలో ఉంటున్నాను, కాబట్టి రెండు మాటలు చెప్పగలను. ఇక్కడి తొకుగవ కళా మ్యూజియంలో ఇయెయసు సొంత సొత్తుగా వచ్చిన మురమస కత్తి ఒకటి ఉంది. తన వంశాన్ని పగబట్టిన కత్తి అని ఆయన నిజంగా నమ్మి ఉంటే దాన్ని దాచుకొని వారసులకు ఇచ్చేవాడా? శాపం కథ ఆయన తరువాతి తరాల్లో గట్టిపడిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది, నా కళ్లతో చూసినది. ఇక్కడి ప్రదర్శనల్లో కత్తిని పిడి తీసేసి పెడతారు. పిడిలోకి దిగే మొదలును నకగో అంటారు. అలుగంతా, అంటే పదునున్న భాగమంతా, అద్దంలా మెరుస్తుంటే ఆ జానెడు మొదలు మాత్రం చింతపండు రంగు తుప్పుతో ఉంటుంది. ఆ తుప్పును ఎవరూ తుడవరు, ఎందుకంటే కత్తి వయసు చెప్పేది అదే. కమ్మరి తన పేరు చెక్కేది కూడా అక్కడే. ఒక పాత కత్తి ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. దానికి పిడి మేకు కోసం తరువాతెవరో రెండో రంధ్రం తొలిచారు, ఆ రంధ్రం సరిగ్గా పేరులోని అక్షరం మధ్యనుంచి పోయింది. పై గీత ఒకటి, కింద కాలు ఒకటి మిగిలాయి. ఆ మనిషి పేరులో సగం గాలి అయిపోయింది.

రాతప్రతి:
తెల్లకొంగ గారు మంచి చోట వేలు పెట్టారు. తాచి అనే పాతకాలపు కత్తి గుర్రం మీద యోధుడి నడుము నుంచి వేలాడేది, చాలా పొడవుగా ఉండేది. తరువాతి కాలంలో కాలినడక యుద్ధం పెరిగి, కత్తిని నడికట్టులో దోపుకోవడం వాడుక అయ్యాక, అంత పొడవు పనికిరాలేదు. పొట్టి చేయాలంటే మొన వైపు కోయలేరు, ఎందుకంటే కత్తి ప్రాణమంతా మొనలోనూ అంచులోనూ ఉంది. అందువల్ల మొదలు వైపు కోశారు, పేరు కూడా ఆ ముక్కతోనే పోయింది. మసమునెవని చెప్పే పొడవాటి కత్తుల్లో దాదాపు వేటి మీదా ఆయన సంతకం లేదు. వాటిని చూసి 'ఇది ఫలానావాడిదే' అని తీర్పు చెప్పే హొన్నమి అనే కుటుంబం ఉండేది. వాళ్లు రాసిచ్చే కాగితానికి ఎంత విలువంటే, దొరలు ఒకరికొకరు కానుకగా ఇచ్చుకునే కత్తి వెల అందులోనే రాసి ఉండేది. 1719లో దేశాన్ని ఏలే షోగన్, తొకుగవ యొషిమునె ఆజ్ఞ మీద దేశంలోని ప్రసిద్ధ కత్తుల జాబితాను తయారు చేసిందీ ఆ కుటుంబమే.

ఇప్పుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తొకుగవ పాలనలో మురమస కత్తి ఉన్నవాళ్లు భయంతో దాని మీది పేరును ఆకురాయితో అరగదీయించేవారు, లేదా అక్షరాలు మార్పించేవారు. అదే కాలంలో పేరు లేని మంచి కత్తికి మసమునె పేరు కట్టబెట్టడానికి ఆశపడేవారు. మీ నవల ఈ రెండు పనుల మధ్య ఉందని నాకు అనిపిస్తోంది.

పాతకొలిమి:
నేను ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి, వెన్నెలకోనమ్మా. నవలలో ఎక్కడా 'ఉక్కును కరిగించి పోశారు' అని రాయవద్దు, చదివిన మరుక్షణం నాబోటివాడు పుస్తకం మూసేస్తాడు. ఇజుమో కొండల్లో ఇనుప ఇసుకనూ బొగ్గునూ మట్టి కొలిమిలో పొరలు పొరలుగా వేసి, మూడు పగళ్లూ మూడు రాత్రులూ ఆపకుండా తిత్తులూదుతారు. దాన్ని తతర అంటారు. ఇప్పటికీ షిమనె జిల్లాలోని ఒకుఇజుమోలో ప్రతి శీతకాలం ఈ పని జరుగుతుంది. సుమారు పది టన్నుల ఇసుక పడితే అడుగున రెండున్నర టన్నుల గడ్డ తయారవుతుంది. అది పూర్తిగా కరిగి పోతపోసిన ఉక్కు కాదు, మెత్తబడి ముద్ద కట్టినది. కొలిమి గోడ పగలగొట్టి ఆ గడ్డను బయటికి లాగి, అందులో శ్రేష్ఠమైన ముక్కలు ఏరితే అది తమహగనె. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పారసీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన ఉక్కు ఇందుకు పూర్తిగా భిన్నం. అది మూసలో పెట్టి మూత వేసి, లోపలే కరిగించినది. తేడా తెలియాలని చెప్పాను, కథను ఇక్కడికి తీసుకురమ్మని కాదు.

మాయ ఎక్కడుందని గోదారిగట్టు గారు అడిగారు. నేనైతే నీటి తొట్టి దగ్గర ఉందంటాను. సాగగొట్టిన కత్తికి వీపు వైపు మందంగా, అంచు వైపు పలచగా మట్టి పూస్తారు. ఎరుపు రంగు చూసి వేడి అంచనా కట్టాలి కాబట్టి రాత్రిపూట దీపాలార్పి ఆ పని చేస్తారు. నీటిలో ముంచగానే పలుచని అంచు ముందు చల్లారుతుంది, కత్తి ఒక్క క్షణం అంచు వైపు ముందుకు వంగుతుంది. ఆ వెంటనే అంచులో ఉక్కు గట్టిపడి ఉబ్బుతుంది, కత్తి మెల్లగా వెనక్కు తిరిగి తన ఒంపు తాను తెచ్చుకుంటుంది. ఆ కొద్దిపాటి క్షణాల్లోనే పగుళ్లూ వస్తాయి. నెలల కష్టం ఒక్క 'టిక్' అనే చప్పుడుతో పోతుంది. ఆ చప్పుడు వినకూడదని కమ్మరి ఊపిరి బిగబట్టి నిలబడే దృశ్యం ఒక్కటి రాయండి.

గోదారిగట్టు:
పెద్దాయన చెప్పింది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. పేరు సంగతిలో నేనూ ఒక గాథ కలుపుతాను. మినమోతో అనే యోధుల వంశంలో హిగెకిరి అనే కత్తి ఉండేది, గడ్డం కోసేది అని దాని అర్థం. వతనబె నో త్సున అనే వీరుడు దానితో ఒక రాక్షసి చేయి నరికాక అది ఒనికిరి అయింది, అంటే రాక్షస సంహారి. మరో తరంలో రాత్రివేళ సింహంలా గర్జించిందని ఇంకో పేరు వచ్చింది. ఆ తరువాత దాని పక్కన కాస్త పొడవైన జోడు కత్తి ఒకటి చేయించి పెడితే, ఇది దాని మీద పడి ఎక్కువైన ఆ పొడవును తెగ్గొట్టిందట. దాంతో తొమొకిరి, అంటే తోటివాణ్ణి కోసేది అన్న పేరు పడింది. అక్కణ్ణించి ఆ వంశంలో తోటివాళ్లు ఒకరినొకరు చంపుకోవడం మొదలైంది. ఆ వంశపు పెద్ద యొషితొమొ ఎంతో బాధపడి యుద్ధదేవత హచిమన్‌ను ప్రార్థిస్తే, పేర్లు మారుస్తూ పోవడం వల్లే కత్తి బలం తగ్గింది, పాత పేరే మళ్లీ పెట్టమని ఆజ్ఞ అయింది. హెయికె గాథ అనే పాత యుద్ధకథలోని ఖడ్గాధ్యాయంలో ఈ కథ ఉంది. పేరు మారితే కత్తి గుణం మారుతుందని వాళ్లే అన్నాక, మనం వేరే మంత్రం వెతకనక్కర్లేదు.

వెన్నెలకోన:
రెండు రోజులు ఏమీ రాయకుండా ఇవన్నీ మళ్లీ మళ్లీ చదివాను. అన్నదమ్ములను వదిలేస్తున్నాను. చెప్పడానికి తేలికగానే ఉంది గానీ, ఆ ఇద్దరితో రెండేళ్లు గడిపాను.

కొత్త ఆలోచన ఇది. 1719వ సంవత్సరం. ప్రసిద్ధ కత్తుల జాబితా తయారవుతోందని తెలిసిన ఒక చిన్న దొర దగ్గర పేరు లేని, మొదలు కోసిన గొప్ప కత్తి ఒకటి ఉంది. అది మసమునెదని తీర్పు వస్తే ఆ ఇంటి దశ తిరుగుతుంది. అతని శత్రువులు అది మురమసదని పుకారు లేపుతారు. కథానాయిక కత్తులకు సానపట్టే ఒక పనివాడి కూతురు, పదమూడేళ్ల పిల్ల. వందేళ్ల కిందట ఆ కత్తిని పొట్టి చేసినప్పుడు తెగిన మొదలు ముక్క, పేరు చెక్కి ఉన్న ముక్క, వాళ్ల ఇంట్లోనే ఉంది. ఆ ముక్క దగ్గరున్న రాత్రి కత్తి ఒరలో కదులుతుంది. మాయ అంతవరకే. అది రక్తం కోరదు, తన పేరు కోరుతుంది.

రాతప్రతి:
ఇది నవల. అయితే ఒక చిక్కు ఉంది. మురమస కాలానికి కత్తులు అప్పటికే నడికట్టులో దోపుకునే పొడవుకు వచ్చేశాయి, వాటిని అంతగా కోయవలసిన పని సాధారణంగా రాదు. తెలిసినవాడు ఈ ప్రశ్న వేస్తాడు. మురమస కత్తిని గుర్తుపట్టే పద్ధతి కూడా చెబుతాను. ఆయన కత్తి అంచున కనిపించే అలల గీత ఇటుపక్కా అటుపక్కా ఒకేలా నడుస్తుంది, మొదలు భాగం చేప పొట్టలా ఉబ్బి ఉంటుంది. మీ కత్తికి మొదలు కోసేశారు కాబట్టి చేప పొట్ట సాక్ష్యం ఎటూ లేదు. ఇక అలల గీత ఒక్కటే మిగిలింది. సగామి వారి పనితనం ప్రభావం మురమస మీద ఉందని కూడా అంటారు, కాబట్టి పోలిక వల్ల వాదం పుట్టడం సహజమే.

తెల్లకొంగ:
చిక్కు అనుకున్నదే దారి కావచ్చు. ఆ ముక్క మీద ఉన్నది మసమునె పేరూ కాకపోవచ్చు, మురమస పేరూ కాకపోవచ్చు. ఏ జాబితాకూ ఎక్కని ఒక కమ్మరి పేరు అయితే?

భూగోళం విషయంలో ఇంకో మాట. యమాతో తకేరు అనే రాజకుమారుడికి మేనత్త ఇచ్చిన కుసనగి ఖడ్గం ఇక్కడి అత్సుత ఆలయంలో ఉందని నమ్ముతారు. శత్రువులు చుట్టూ గడ్డికి నిప్పు పెడితే ఆ కత్తితోనే గడ్డి కోసి బయటపడ్డాడు, అందుకే దానికి గడ్డి కోసే కత్తి అని పేరు. తరువాత భార్య మియజు-హిమె ఇంట్లో దాన్ని వదిలి, వట్టి చేతులతో ఇబుకి కొండ దేవుణ్ణి పట్టుకొస్తానని వెళ్లి జబ్బుపడి, దారిలోనే చనిపోయాడు. చనిపోయే ముందు పాడిన పాట ఆమె పడక దగ్గర వదిలివచ్చిన కత్తి గురించేనని 712 నాటి కొజికి అనే పురాణ గ్రంథంలో ఉంది. ఆ ఆలయం ముందున్న రేవు పేరు మియ. ఆ రోజుల్లో అక్కడ పడవ ఎక్కితే ఏడు రీల (రీ అనేది జపాన్ పాత దూరపు కొలత) సముద్రం దాటి, గాలి అనుకూలిస్తే దాదాపు నాలుగు గంటల్లో, కువనలో దిగేవారు. పాత రాజమార్గంలో ప్రయాణికులు దాటిన రేవు అదే. ఒక ఒడ్డున దేవుడి కత్తి, మరో ఒడ్డున శాపపు కత్తి, మధ్యలో పడవ. మీ పిల్ల ఇల్లు మియలో పెట్టండి.

వెన్నెలకోన:
తెల్లకొంగ గారూ, మీ సందేశం చదివి చేతులు వణికాయి. ఎవరికీ తెలియని పేరు అన్న మాటతో నవల ముగింపు నాకు దొరికింది. అయితే ఒక సందేహం: ఆ పేరు పాఠకుడికి చెప్పాలా?

గోదారిగట్టు:
తప్పకుండా చెప్పాలి. ఆరు వందల పేజీలు వెంట తిప్పుకొని చెప్పకపోతే అన్యాయం.

రాతప్రతి:
చెప్పకూడదని నా అభిప్రాయం. ఏ పేరు చెప్పినా పాఠకుడు వెంటనే అది ఎవరిదని వెతుకుతాడు.

పాతకొలిమి:
మీ ఇద్దరి మాటల్లో గోదారిగట్టు గారితో ఏకీభవిస్తాను. ఆ మనిషి కొలిమి ముందు కాలిపోయి ఆ కత్తి చేశాడు. ఇన్నాళ్లకు ఎవరో ఒకరు ఆయన పేరు పైకి చదవాలి. ఆ పిల్ల పడవ మీద గట్టిగా చదవనివ్వండి, దొర విన్నా వినకపోయినా సరే.

వెన్నెలకోన:
పెద్దాయన మాట శిరసావహిస్తాను, పేరు పైకే చదివిస్తాను. మొదటి అధ్యాయం ఆరంభం రాశాను, చూడండి.

"నాన్న ఆ రాత్రి దీపం వత్తి తగ్గించి, గడప అవతల ఎవరూ లేరని రెండుసార్లు చూసి వచ్చాడు. చాప మీద పిడి లేని కత్తి ఉంది. దాన్ని తెచ్చిన మనిషి తన పేరు చెప్పలేదు. దాని మొదలు మీద మిగిలిన ఒక్క గీతనూ ఆకురాయితో తీసేయమన్నాడు. నాన్న సానరాళ్ల పెట్టె తెరిచి, నీళ్లు చల్లి, పని మొదలుపెట్టాడు."

రాతప్రతి:
చాలా బాగుంది, ఒక్క దిద్దుబాటు. సానపట్టేవాడు అలుగును మాత్రమే ముట్టుకుంటాడు, మొదలు జోలికి పోడు. ఆకురాయి కమ్మరి పనిముట్టు, సానరాళ్ల పెట్టెలో ఉండదు. అదీగాక మొదలు మీది తుప్పు తొలగించడం ఆ వృత్తిలో పెద్ద తప్పు. దీన్ని తప్పుగా వదిలేయకుండా కథలోకి తీసుకోండి.

పాతకొలిమి:
అరగదీసిన చోట ఉక్కు తెల్లగా మెరుస్తుంది, పక్కన పాత తుప్పు నల్లగా ఉంటుంది. తెల్లారితే ఎవరికైనా తెలిసిపోతుంది. పిల్ల చూసేది అదే కావాలి.

వెన్నెలకోన:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చివరి వాక్యం తీసేసి ఇలా మార్చాను:

"నాన్న చేయి ఎన్నడూ దాటని గీత ఒకటుంది, అలుగు ఆగి మొదలు మొదలయ్యే చోట. ఆ రాత్రి ఎదురింటి కమ్మరి దగ్గర అడిగి తెచ్చిన ఆకురాయితో ఆ గీత దాటాడు. తెల్లవారి నేను చాప ఎత్తి ఊడుస్తుంటే, నల్లటి తుప్పు మధ్యలో గోరంత మేర ఉక్కు అప్పుడే పుట్టినట్టు తెల్లగా మెరుస్తూ కనిపించింది. నాన్న దాని మీద మసి రుద్దుతున్నాడు. ఎంత రుద్దినా అది నల్లబడడం లేదు."